ఫిరంగిపురం బస్సు, జెరూసలేం బేరం

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సెక్కితే చిన్నప్పుడు నాకు కిటికీ పక్క సీటు కావాల్సిందే. ఫిరంగిపురం వస్తోందని కండక్టరు కేకెయ్యగానే మెడ బయటికి పెట్టి వెతికేవాణ్ణి. అంత పేరున్న ఊళ్ళో ఎక్కడో ఒక ఫిరంగి ఉండకపోతుందా అని. కొండ కనిపించేది, పెద్ద చర్చి కనిపించేది, మిరపకాయ టిక్కీలు కనిపించేవి. ఫిరంగి మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ఫిరంగి అంటే మొదట్లో తోపు కాదని, మనిషని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఫ్రాంకు అనే మాటని అరబ్బులు ఇఫ్రంజ్ అని పలికేవాళ్ళు. 1096 తర్వాత పశ్చిమ ఐరోపా నుంచి గుంపులు గుంపులుగా జెరూసలేం మీదికి వచ్చినవాళ్ళలో ఫ్రెంచివాళ్ళున్నారు, జర్మన్లున్నారు, ఇటలీ వాళ్ళున్నారు. అరబ్బులకి మాత్రం అందరూ ఇఫ్రంజ్‌లే. ఆ మాట పారశీకంలో ఫరంగీ అయింది. పారశీకం నడిచే దర్బారుల మీదుగా దక్కనుకి వచ్చింది. తర్వాత ఆ ఫరంగీలు ఓడల్లో తెచ్చిన తోపులకీ అదే పేరు అంటుకుంది. మా అమ్మమ్మ తెల్లవాళ్ళని పరంగివాళ్ళు అనేది. అదీ ఈ మాటే. కోటలు చూడ్డానికి వెళ్ళి ఫిరంగి మీద చెయ్యేసి ఫొటో దిగుతాం కదా, ఆ చేతి కింద ఉన్నది జెరూసలేం గోడల దగ్గర అరబ్బుల నోళ్ళలో నలిగిన పేరు.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే మా బావ వల్ల. పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. గుర్రాలు, కత్తులు, ఎర్రటి ఆకాశం, గుండెలదిరే సంగీతం. రెండు మతాల మధ్య వెయ్యేళ్ళుగా ఆగకుండా ఒకటే యుద్ధం నడుస్తోందని దాని సారాంశం. సరిగ్గా అదే వారం నా పాత కాలేజీ గ్రూపులో ఇంకొకటి వచ్చింది. 1187లో జెరూసలేం తీసుకున్న ముస్లిం సుల్తాను సలాదీన్ ఎంత దయామయుడో, జెరూసలేం మీదికి వచ్చిన ఆ క్రైస్తవ యోధులు, అంటే క్రూసేడర్లు, ఎంత రాక్షసులో చెప్పే వీడియో. రెండూ చూశాక నాకు తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. తెర అదే, దీపం అదే, బొమ్మల్ని మాత్రం అటువి ఇటు, ఇటువి అటు మార్చారు.

బంధువుల గృహప్రవేశంలో భోజనాలయ్యాక బావని పట్టుకున్నాను. "ఆ వీడియోలో 1229 లేదేంటి బావా?" అని అడిగాను. "ఆ ఏడాది ఏ యుద్ధం జరిగిందిరా?" అన్నాడు. యుద్ధం జరగలేదు కాబట్టే లేదు. ఆ ఏడాది ఒక క్రైస్తవ చక్రవర్తి, ఒక ముస్లిం సుల్తాను మధ్యవర్తిని పెట్టుకుని బేరమాడుకున్నారు. జెరూసలేం కోసం కత్తి దుయ్యకుండానే ఊరు చేతులు మారింది. అందుకు ఆ ఇద్దరికీ దక్కిన బహుమానం సొంతవాళ్ళ తిట్లు. నా గొడవంతా దీని గురించే. క్రూసేడ్లనే ఆ ధర్మయుద్ధాలు నడిచిన రెండు వందల ఏళ్ళలో మనుషులు బతికి బట్టకట్టిన చోట వెతికితే దాదాపు ప్రతిసారీ ఒక బేరం కనపడుతుంది. దయ కంటే, సహనం కంటే ఎక్కువగా కనపడేది బేరమే. మనం దాన్ని చరిత్రగా లెక్కెయ్యం.

అయితే ముందు నెత్తురు సంగతి చెప్పకుండా దాటేస్తే నాదీ ఇంకో వాట్సాప్ వీడియో అయిపోతుంది.

1095 నవంబరు 27న ఫ్రాన్సులోని క్లెర్మాంట్ దగ్గర పోప్ రెండో అర్బన్ ఉపన్యాసం ఇచ్చాడు. అంతకు ముందే కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి అలెక్సియస్ తుర్కుల మీద సాయం కావాలని కబురు పెట్టాడు. ఆయన ఊహించుకున్నది కొంత కిరాయి సైన్యం. కదిలి వచ్చింది ఓ జనసముద్రం. ఆ ఉపన్యాసంలో పోప్ సరిగ్గా ఏమన్నాడో చెప్పే కథనాలు నాలుగైదు ఉన్నాయి. అన్నీ తర్వాత రాసినవి, ఏ ఒక్కటీ ఇంకోదానితో పూర్తిగా కలవదు. వెళ్ళినవాళ్ళు తమని తాము యాత్రికులనే అనుకున్నారు.

వాళ్ళంతా దోపిడీ కోసమే వెళ్ళారనే వాదం ఒకటుంది. కాలేజీలో నేనూ అదే నమ్మేవాణ్ణి, గట్టిగా వాదించేవాణ్ణి కూడా. కానీ లెక్కలు అలా లేవు. గుర్రం, కవచం, నౌకర్లు, తోవ ఖర్చులు కలిపితే ఒక యోధుడికి కొన్నేళ్ళ రాబడి హారతి కర్పూరమే. మఠాల దగ్గర పొలాలు తాకట్టు పెట్టారు. నార్మండీ ప్రభువు రాబర్ట్ అయితే ఏకంగా తన రాజ్యాన్నే తమ్ముడికి పదివేల మార్కుల వెండికి కుదువ పెట్టి బయల్దేరాడు. లాభం కోసం చేసే పని కాదిది. పాపం పోతుందని నమ్మారు. ఆ నమ్మకం నిజం, కాబట్టే అది అంత భయంకరంగా పనిచేసింది.

దాని మొదటి దెబ్బ పడింది ముస్లిముల మీద కూడా కాదు. 1096 వేసవిలో రైన్ నది పక్క ఊళ్ళలో, వర్మ్స్‌లో, మైంజ్‌లో, యూదుల్ని ఊచకోత కోశారు. ఎక్కడో దూరంగా ఉన్న శత్రువు మీదికి వెళ్తూ ఇంటి పక్కన ఉన్న శత్రువుని వదిలెయ్యడమేంటని వాళ్ళ తర్కం. మూడేళ్ళ తర్వాత 1099 జులై 15న జెరూసలేం పడింది. లోపల జరిగిన చంపుడు గురించి క్రూసేడర్లే గర్వంగా రాసుకున్నారు. మృతుల సంఖ్యని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. డెబ్భై వేలని తర్వాతి అరబ్బు చరిత్రకారుడు రాస్తే, అదే కాలంలో ఆ ప్రాంతంలో తిరిగిన అందలూసియా పండితుడు మూడు వేలన్నాడు. నన్ను ఈ అంకెల కంటే ఎక్కువ ఆపేసింది కైరోలోని ఒక పాత యూదు ప్రార్థనామందిరం కొట్లో దొరికిన ఉత్తరం. జెరూసలేం పడిన మరుసటి ఏడాది అస్కలాన్ నుంచి యూదు పెద్దలు రాసింది. పట్టుబడినవాళ్ళని, దోచుకున్న ధర్మగ్రంథాల్ని ఫ్రాంకుల దగ్గర డబ్బిచ్చి విడిపిస్తున్నాం, అప్పుల్లో మునిగాం, ఇంకా పంపండి అని అడుగుతారు అందులో. శవాలు లేచిన ఏడాది తిరక్కుండానే పుస్తకాలకి ధర కట్టే మాటలు మొదలయ్యాయి.

మరి అవతలి పక్షం? అవతల ఒక పక్షం ఉంటే కదా. 1092లో సెల్జూక్ తుర్కుల సుల్తాను మలిక్ షా చచ్చిపోయాక కొడుకులు, తమ్ముళ్ళు, సేనానులు ఊరికొకరు చొప్పున పంచుకున్నారు. ఈజిప్టులో ఫాతిమీ ఖలీఫాలది షియా శాఖ, బాగ్దాదుది సున్నీ. క్రూసేడర్లు అంటియోక్ ముట్టడిలో ఉండగా ఈజిప్టు రాయబారులు వాళ్ళ గుడారాలకి వచ్చి తుర్కుల మీద పొత్తు మాట్లాడారు. ఆ సందట్లోనే 1098లో ఈజిప్టు సైన్యం జెరూసలేంని తుర్కుల దగ్గర్నుంచి లాక్కుంది. అంటే క్రూసేడర్లు వచ్చి చూసేసరికి ఊళ్ళో ఉన్న ముస్లిం పాలకులు కూడా ఏడాది క్రితం ఇంకో ముస్లిముల్ని వెళ్ళగొట్టి వచ్చినవాళ్ళే.

మా పల్నాడు వైపు పాలివాళ్ళ తగాదా అంటే అందరికీ తెలుసు. గట్టు దగ్గర మొదలై కోర్టు దాకా పోతుంది. పక్కూరివాడు వచ్చి ఒకడి వైపు నిలబడితే, ఇంకొకడు ఇంకో పక్కూరివాణ్ణి తెచ్చుకుంటాడు. 1108లో టెల్ బాషిర్ దగ్గర జరిగిన పోరు అచ్చం ఇలాంటిదే. ఒకవైపు అంటియోక్ ఫ్రాంకుల నాయకుడు టాంక్రెడ్, అతనికి తోడు అలెప్పో తుర్కు పాలకుడు రిద్వాన్. రెండో వైపు ఎడెస్సా ఫ్రాంకుల నాయకుడు బాల్డ్విన్, అతనికి తోడు మోసుల్ నుంచి వచ్చిన జావలి. రెండు పక్షాల్లోనూ శిలువా ఉంది, చంద్రవంకా ఉంది. మొదటి క్రూసేడ్ అయి పదేళ్ళు కూడా కాలేదు! 1115లో బాగ్దాద్ వైపు సుల్తాను పెద్ద సైన్యం పంపితే, దాన్ని అడ్డుకోడానికి డమాస్కస్ ముస్లిం పాలకుడు, జెరూసలేం క్రైస్తవ రాజు ఒకే చోట దండు దిగారు. సుల్తాను గెలిస్తే ఇద్దరి గద్దెలూ పోతాయి మరి.

ఇది విని బావ, "అంటే మతం లేదంటావా?" అన్నాడు. ఉంది. ఎందుకు లేదు? కానీ గద్దె కూడా ఉంది, పంట కూడా ఉంది, సుంకం కూడా ఉంది. వీడియోల్లో మిగతా మూడూ ఉండవు.

సుంకం అంటే గుర్తొచ్చింది. ఇబ్న్ జుబైర్ అని గ్రనాడాలో గుమాస్తా పని చేసిన ఒకాయన హజ్ చేసుకుని తిరిగొస్తూ 1184 సెప్టెంబరులో డమాస్కస్ నుంచి ఆక్రాకి వెళ్ళాడు. ఆక్రా అప్పుడు ఫ్రాంకుల ఓడరేవు. సరిగ్గా అదే సమయంలో సలాదీన్ ఫ్రాంకుల కెరక్ కోటని ముట్టడించి ఉన్నాడు. పూర్తి స్థాయి యుద్ధం. అయినా వర్తకుల బిడారులు అటూ ఇటూ హాయిగా నడుస్తున్నాయి. పట్టుబడ్డ ఫ్రాంకుల్ని డమాస్కస్‌లోకి తోలుకొస్తుంటే, అదే దారిన ముస్లిం వర్తకులు సరుకు వేసుకుని ఫ్రాంకుల ఊళ్ళకి బయల్దేరుతున్నారు. యుద్ధం చేసేవాళ్ళు యుద్ధం చేస్తుంటే జనం వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటున్నారని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆక్రా సుంకం కచేరీలో క్రైస్తవ గుమాస్తాలు అరబ్బీలో లెక్కలు రాస్తున్నారు. నల్లచేవ కర్రతో చేసి బంగారు నగిషీ పెట్టిన సిరాబుడ్లు వాళ్ళ ముందు. గుమాస్తా కన్ను కదా, ముందు సిరాబుడ్డి మీదే పడింది.

దారిలో ఫ్రాంకుల కింద ఉన్న ముస్లిం రైతుల్ని చూశాడు. పంటలో సగం, తల పన్ను కింద దీనారం పైన కొంచెం. ఇళ్ళూ వాకిళ్ళూ వాళ్ళవే. తమ మతం ప్రభువుల కింద ఉన్న పొరుగు రైతుల కంటే వీళ్ళే కాస్త నిమ్మళంగా ఉన్నారని రాసి, ఇదెంత దౌర్భాగ్యమో చూడండని తల బాదుకున్నాడు. అలాగని ఆయన్ని మత సామరస్య దూతగా పోస్టరెయ్యకండి. అదే రాతలో ఫ్రాంకుల రాజుని పంది అన్నాడు, రాజు తల్లిని ఆడపంది అన్నాడు. తిడుతూనే ఇంటికి వెళ్ళడానికి జెనోవా క్రైస్తవుల ఓడే ఎక్కాడు. ఆ ఓడ సిసిలీలో మెస్సీనా దగ్గర బద్దలైతే, ఒడ్డుకి చేర్చే పడవల బాడుగ ఇచ్చుకోలేని బీద ముస్లిములకి అక్కడి క్రైస్తవ రాజు విలియం డబ్బిప్పించాడు. ఆయన అదీ దాచకుండా రాశాడు. నాకు ఈ మనిషంటే చాలా ఇష్టం. కోపం కోపమే, లెక్క లెక్కే.

ఇంకొకాయన ఉసామా. సిరియాలో షైజర్ అనే కోట ఏలిన వంశంవాడు, 1095లోనే పుట్టాడు. జెరూసలేం వెళ్ళినప్పుడల్లా అల్ అక్సా అనే పెద్ద మసీదు పక్కన చర్చిగా మార్చిన చిన్న మసీదులో నమాజు చేసుకునేవాడు. ఆ చోటు టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి యోధుల అధీనంలో ఉండేది, వాళ్ళు ఈయనకి స్నేహితులు. ఒకసారి నమాజులో ఉండగా ఒక ఫ్రాంకు వచ్చి ఈయన్ని పట్టుకుని తూర్పుకి తిప్పి, ఇలా ప్రార్థించాలని గద్దించాడు. టెంప్లర్లు పరిగెత్తుకొచ్చి వాణ్ణి లాగేశారు. కాసేపటికి వాడు మళ్ళీ వచ్చి మళ్ళీ తిప్పాడు. వాళ్ళు మళ్ళీ లాగేసి, "ఏమనుకోకండి, ఈ మధ్యే దేశం నుంచి వచ్చాడు" అని క్షమాపణ చెప్పుకున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మనమంటాం. అక్కడే పాతుకుపోయిన ఫ్రాంకులకి పొరుగువాడితో ఎలా నెగ్గుకురావాలో తెలుసు. వీరావేశమంతా ఓడ దిగినవాళ్ళదే. ప్రతి కొత్త క్రూసేడ్ అలాంటి కొత్తవాళ్ళని వేల సంఖ్యలో తెచ్చి పడేసింది. 1148లో అలా వచ్చినవాళ్ళు చేసిన ఘనకార్యం డమాస్కస్ మీద పడటం. ఏడాది ముందు దాకా జెరూసలేం ఫ్రాంకులతో పొత్తులో ఉన్న ఊరది.

వెనిస్, పీసా, జెనోవాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ముస్లిములకి ఆయుధాలు, ఇనుము, ఓడ కలప అమ్మకూడదని 1179లో చర్చి మహాసభ నిషేధం పెట్టింది. అంతకు కొన్నేళ్ళ ముందే సలాదీన్ బాగ్దాద్ ఖలీఫాకి రాసిన ఉత్తరంలో, ఈ మూడు ఊళ్ళవాళ్ళూ తమ ఆయుధాలు తెచ్చి మనకే అమ్ముతున్నారని గొప్పలు పోయాడు. ఏ వీధిలోనైనా వ్యాపారం ఇలాగే ఉంటుంది.

సలాదీన్ దయ గురించి కూడా ఒక మాట. 1187 అక్టోబరులో ఆయన జెరూసలేంలోకి అడుగుపెట్టినప్పుడు 1099 లాంటి ఊచకోత జరగలేదు. నిజం. కానీ మొదట ఆయన అన్నమాట మీరు చేసిందే మీకూ చేస్తానని. ఊరిని కాపాడుతున్న బాలియన్ బయటికొచ్చి, మాకు దారి లేకుండా చేస్తే మా దగ్గరున్న వేలమంది ముస్లిం ఖైదీల్ని చంపేస్తాం, మీకు పవిత్రమైన శిలా గోపురాన్ని పడగొడతాం, ఆ తర్వాత బయటికొచ్చి చస్తామన్నాడు. అప్పుడు బేరం కుదిరింది. మగవాడికి పది దీనారాలు, ఆడమనిషికి ఐదు. కట్టగలిగినవాళ్ళు బయటికి నడిచారు. కట్టలేని వేలమంది బానిసలయ్యారు. సలాదీన్, ఆయన తమ్ముడు ఆదిల్ కొందరిని ఊరికే వదిలేసిన మాటా నిజమే. ఆ తర్వాతి క్రూసేడ్‌లో వచ్చిన ఇంగ్లండు రాజు రిచర్డు అంత మర్యాద కూడా చూపించలేదు. 1191 ఆగస్టులో ఆక్రా బయట సుమారు 2,700 మంది ఖైదీల్ని, విడుదల సొమ్ము ఆలస్యమైందని నరికించాడు. అదే రిచర్డు కొన్ని వారాలకే తన చెల్లెలు జోన్‌ని ఆదిల్‌కిచ్చి పెళ్ళిచేస్తే ఇద్దరూ కలిసి జెరూసలేం ఏలుకోవచ్చు కదా అని కబురు పెట్టాడు. చెల్లెలు మండిపడిందట. పెళ్ళి సంబంధాల్లో అమ్మాయిని ఆఖర్న అడగడం అక్కడా మామూలే.

ఇప్పుడు నా అసలు కథకి వస్తాను.

సలాదీన్ తమ్ముడు ఆదిల్ కొడుకు కామిల్. ఈజిప్టు సుల్తాను. 1218లో క్రూసేడర్లు నైలు నది ముఖద్వారం దగ్గర డమియెట్టాని ముట్టడించారు. మీరు ఈజిప్టు వదిలిపెట్టి వెళ్ళండి, జెరూసలేం మీకిచ్చేస్తానని కామిల్ కబురు పెట్టాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అయిదూళ్ళు చాలన్న పాండవుల రాయబారం తల్లకిందులైనట్టుంటుంది ఇక్కడ. ఏ ఊరి కోసం వచ్చారో ఆ ఊరే ఇస్తానంటున్నాడు. జెరూసలేం రాజు జాన్ తీసుకుందామన్నాడు. పోప్ ప్రతినిధి కార్డినల్ పెలాజియస్ వద్దన్నాడు. కాఫిరుతో, వాళ్ళ లెక్కలో అవిశ్వాసితో, బేరమేంటని, గెలిచే తీసుకోవాలని. డమియెట్టా పడింది, లోపల రోగాలతో ఆకలితో జనం సగానికి సగం పోయి ఉన్నారు. తర్వాత కైరో మీదికి బయల్దేరారు. 1221 ఆగస్టు, నైలుకి వరదలొచ్చే కాలం. కృష్ణా ఒడ్డున పుట్టిన పిల్లాడిని అడిగినా చెప్తాడు, ఆ నెలలో నది పక్క దండు దిగకూడదని. కామిల్ మనుషులు గట్లు తెంచారు. సైన్యమంతా బురదలో చిక్కింది. లొంగిపోయారు. ఆకలితో ఉన్న ఆ శత్రు సైన్యానికి కామిల్ తిండి పెట్టించాడు. ఆ మాట రాసింది ఆ సైన్యంలో ఉన్న ఆలివర్ అనే జర్మన్ మతాచార్యుడే. జెరూసలేం రాలేదు, డమియెట్టా పోయింది. పెలాజియస్ పరువు మాత్రం నిలబడిందేమో.

రెండో మనిషి చక్రవర్తి రెండో ఫ్రెడరిక్. సిసిలీలో పెరిగాడు, అరబ్బీ వచ్చు. క్రూసేడ్‌కి వెళ్తానని మొక్కుకుని ఏళ్ళ తరబడి వాయిదా వేశాడు. 1227లో తీరా ఓడెక్కి, జబ్బు చేసి వెనక్కొస్తే, పోప్ తొమ్మిదో గ్రెగరీ నమ్మలేదు. మతం నుంచి వెలివేశాడు. 1228లో వెలి తొలగకుండానే ఫ్రెడరిక్ బయల్దేరాడు. వెలిపడినవాడు ధర్మయుద్ధానికి వెళ్ళడమేంటని పోప్‌కి ఇంకా కోపం వచ్చింది. ఇక్కడ ఈయన ఓడ దిగాక, అక్కడ పోప్ సైన్యం దక్షిణ ఇటలీలోని ఈయన రాజ్యం మీద పడింది. అటు కామిల్‌కి తమ్ముడితో దాయాది పోరు. డమాస్కస్ ఏలే ఆ తమ్ముడి మీద సాయానికి ఫ్రెడరిక్‌ని పిలిచిందే కామిల్. ఈలోగా తమ్ముడు చచ్చిపోయాడు. పిలిచిన చుట్టం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, పని మాత్రం అయిపోయింది.

ఇద్దరికీ టెన్షనే. ఒకడికి తొందరగా ఇంటికి పోవాలి, ఇంకొకడికి తొందరగా డమాస్కస్ పట్టాలి. నెలల తరబడి ఫక్రుద్దీన్ అనే అమీరు ఇద్దరి మధ్యా తిరిగాడు. మధ్యలో ఫ్రెడరిక్ గణితం లెక్కలు, తత్వం ప్రశ్నలు పంపితే కామిల్ తన పండితుల చేత జవాబులు రాయించి పంపేవాడు. అసలు విషయానికొచ్చేసరికి ఫ్రెడరిక్ ఫక్రుద్దీన్‌తో దాపరికం లేకుండా చెప్పాడని అరబ్బు చరిత్రకారుడు రాశాడు. ఫ్రాంకుల్లో నా పరువు పోతుందన్న భయమే లేకపోతే మీ సుల్తానుని ఇంత ఇబ్బంది పెట్టేవాణ్ణే కాదని. ఎంత తెలుగు మాట! పెళ్ళి కట్నం బేరాల దగ్గర ఎన్నిసార్లు విన్నామో ఇది.

1229 ఫిబ్రవరి 18న సంధి కుదిరింది. జెరూసలేం, బెత్లెహేం, నజరేతు, తీరానికి ఒక దారి క్రైస్తవులకి. ఊళ్ళో శిలా గోపురం, అల్ అక్సా ఉన్న ప్రాంగణం ముస్లిములకే, వాళ్ళ తీర్పులు చెప్పడానికి వాళ్ళ కాజీ వాళ్ళకి. పదేళ్ళ పైచిలుకు యుద్ధం ఉండదు. నేను ఇచ్చింది పాడుబడ్డ ఇళ్ళు, చర్చిలే కదా అని కామిల్ తనవాళ్ళకి సర్దిచెప్పుకున్నాడు. ఊరి గోడలు పదేళ్ళ క్రితమే కూల్చేసి ఉన్నాయి, కావాలంటే ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చని ఆయన ధీమా. ఇందులో మహాత్ముడెవడూ లేడు. ఇదే ఫ్రెడరిక్ సిసిలీలో తిరగబడ్డ ముస్లిముల్ని ఊళ్ళకి ఊళ్ళు లేపి లూచెరాకి తరలించినవాడు. ఈ సంధి మంచివాళ్ళు చేసింది కాదు కాబట్టే నాకు దీని మీద నమ్మకం.

మార్చి 17న ఫ్రెడరిక్ జెరూసలేంలోకి వచ్చాడు. అతిథికి ఇబ్బంది అవుతుందని ఆ రాత్రి అజాన్ ఇవ్వొద్దని కాజీ ముఅజ్జిన్‌కి చెప్పాడు. పొద్దున్నే ఫ్రెడరిక్, అజాన్ ఎందుకు వినపడలేదని అడిగాడు. తన గురించి ఆపామంటే, తప్పు చేశారు, అది వినాలనే రాత్రి ఇక్కడ ఉన్నానన్నాడట. బైబిలు పట్టుకుని అల్ అక్సాలోకి వెళ్ళబోయిన ఒక పాదిరీని ఆయనే గద్దించి వెళ్ళగొట్టాడు. ఇంత చేసినా ఊళ్ళో ముస్లిములకి ఆయన ఆనలేదు. బట్టతల, ఎర్రటి వెంట్రుకలు, చూపు ఆనదు, బానిసగా అమ్మితే రెండు వందల దిర్హాములు కూడా రావని ఒకరు రాసిపెట్టారు. చక్రవర్తి గారి రేటు అదీ.

తర్వాతి రోజు పవిత్ర సమాధి చర్చిలో తన కిరీటం తనే తీసి పెట్టుకున్నాడు. వెలిపడినవాడికి పెట్టడానికి ఏ బిషప్పు వస్తాడు? ఆ మర్నాడు క్రైస్తవ మతపెద్ద ఆజ్ఞ వచ్చింది. ఈ పాపాత్ముడు అడుగుపెట్టినందుకు జెరూసలేంలో పూజలన్నీ ఆపెయ్యాలని. నూట ముప్ఫై ఏళ్ళుగా ఏ ఊరి పేరు మీద ప్రాణాలు తీశారో, ఆ ఊరు చేతికొచ్చిన రోజున దానికే వెలి. అవతల డమాస్కస్ పెద్ద మసీదులో ఒక వక్త జెరూసలేం పోయిందని ఉపన్యాసమిస్తే జనం వెక్కి వెక్కి ఏడ్చారు. కామిల్‌ని దుమ్మెత్తిపోశారు. ఆ ఉపన్యాసం ఏర్పాటు చేయించింది, కామిల్ ఎవరి ఊరు ముట్టడించబోతున్నాడో ఆ నాసిర్ దావూదే, చచ్చిపోయిన ఆ తమ్ముడి కొడుకు. మే 1న ఆక్రాలో తెల్లవారుజామున ఫ్రెడరిక్ గుట్టుగా ఓడెక్కుదామని కసాయి వీధి గుండా వెళ్తుంటే, కసాయివాళ్ళు పేగులు, మాంసం ముక్కలు ఆయన మీదికి విసిరారు. వాళ్ళు క్రైస్తవులే. జెరూసలేం తెచ్చిపెట్టినవాడికి జరిగిన సన్మానం.

బావ ఇక్కడ మంచి మాటే అన్నాడు. "సరేరా, అది ఎన్నాళ్ళు నిలిచింది? కత్తితో తీసుకుంటే ఎనభై ఎనిమిదేళ్ళుంది కదా." నిజమే. ఈ బేరం పదిహేనేళ్ళు ఉంది, అదీ మధ్యలో ఒకసారి తెగి. గడువు తీరిన 1239లో నాసిర్ దావూద్ ఊరిని పట్టుకున్నాడు, మళ్ళీ ఫ్రాంకుల చేతికి బేరంలోనే వచ్చింది. 1244లో మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారిజ్మీ గుర్రపుదండు ఊరిమీద పడి తుడిచిపెట్టేసింది. అదే ఏడాది అక్టోబరులో గాజా దగ్గర లా ఫోర్బీ అనే చోట ఫ్రాంకులు, డమాస్కస్, హోమ్స్ సైన్యాలు కలిసి ఒకవైపు, ఈజిప్టు ఇంకోవైపు నిలబడి పోరాడాయి. ముస్లిం సైనికులు శిలువ గుర్తుల జెండాల కింద నడిచారని అరబ్బు రచయితలే బాధపడ్డారు. ఫక్రుద్దీన్ కూడా కత్తికే పోయాడు. 1250లో ఫ్రెంచి రాజు లూయీ సైన్యం మన్సూరా మీద పడ్డప్పుడు, స్నానం మధ్యలో లేచి గుర్రమెక్కి పోయి చచ్చాడు. కాబట్టి బేరం శాశ్వతమని నేను అనను. కానీ ఆ ఎనభై ఎనిమిదేళ్ళకి మొదటి రోజునే ఊరి జనం మూల్యం చెల్లించారు. ఈ పదిహేనేళ్ళకి మూల్యం ఇద్దరు రాజుల పరువు. ఏది చవకో బావే చెప్పాలి. చెప్పలేదు, పెరుగన్నం చల్లారిపోతోందని లేచాడు. పెరుగన్నం చల్లారడమేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇంకొక్క సంగతి. 1917 డిసెంబరులో బ్రిటిష్ సేనాని ఆలెన్బీ జెరూసలేంలోకి నడిచి వచ్చినప్పుడు లండన్ పత్రికలు ఇదే ఆఖరి క్రూసేడ్ అని సంబరపడ్డాయి. అలా రాయొద్దని బ్రిటిష్ ప్రభుత్వమే నెల ముందు వాటికి సూచన ఇచ్చి ఉంది, వాళ్ళు విన్లేదు. సూచన ఎందుకంటే వాళ్ళ సైన్యంలో వేలమంది ముస్లిములున్నారు. ఆ పోరులో మన నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు, 1918లో హైఫా తీసుకున్న బ్రిగేడ్ వాళ్ళదీ, మైసూరుదీ, జోధ్‌పూర్‌దీ. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదీ. తుర్కీ ఖలీఫా జిహాద్ ప్రకటించిన వైపుని, క్రూసేడ్ అని పేరుపడ్డ వైపు నుంచి ఎదిరించినవాడు. అతన్ని బావ వీడియోలో ఎటువైపు నిలబెడతారో చూడాలనుంది.

కామిల్, ఫ్రెడరిక్ మాత్రం ఒకరి ముఖం ఒకరు చూడకుండానే స్నేహంగా ఉండిపోయారు. ఉత్తరాలు, కానుకలు నడిచాయి. కామిల్ ఒక తెల్ల చిలుకని పంపాడు. దాని బొమ్మలు ఫ్రెడరిక్ డేగల వేట గురించి రాసిన పుస్తకం ప్రతిలో ఇప్పటికీ వాటికన్‌లో ఉన్నాయి. ఒక ఏనుగునీ పంపాడు. దాన్ని ఇటలీలో క్రెమోనా ఊళ్ళో పెట్టారు. 1237లో ఫ్రెడరిక్ మిలాన్ సైన్యాన్ని ఓడించాక ఊరేగింపు జరిగింది. మిలాన్ వాళ్ళ యుద్ధరథాన్ని, దానికి కట్టేసిన ఒక క్రైస్తవ నాయకుణ్ణి, క్రైస్తవ జనం కేకల మధ్య క్రెమోనా వీధుల్లో లాక్కుంటూ పోయింది ఆ సుల్తాను పంపిన ఏనుగే.